తీయడం ఒక ఎత్తు, ఆడించడం ఒక ఎత్తు

మా ఇంట్లో బీరువాలో, మా ఆవిడ పట్టుచీరల మడతల మధ్య, మూడు నెలలపాటు ఒక సినిమా ఉంది.

ఇది మాట చమత్కారం కాదు. వెనకటి రోజుల్లో సినిమా అంటే రేకు డబ్బాల్లో, చుట్టలు చుట్టలుగా, రైలుమీద వచ్చేది. "బాక్సు దిగిందా?" అని జనం స్టేషను దగ్గర వాకబు చేసేవారని మా నాన్నగారు చెప్పేవారు. ఇప్పుడు వంద నిమిషాల సినిమా అరచేతిలో పట్టే చిన్న పెట్టెలో ఇమిడిపోతున్నది. హార్డు డిస్కు అంటారు దాన్ని. అది తెచ్చి మా ఇంట్లో దాచమన్నవాడు నా పాత శిష్యుడు. "మా గదిలో ఎలకల బెడద, మాస్టారూ. ఉన్నవి రెండే కాపీలు. ఒకటి మీ దగ్గరుంటే నాకు నిద్ర పడుతుంది" అన్నాడు. ఇది 2024 వేసవినాటి మాట.

అబ్బాయి పేరు రాయను. పన్నెండేళ్ళ కిందట మా కాలేజీలో బి.ఏ. చదివాడు. వెనక బెంచీలో కూర్చునేవాడు కాని, నేను చెప్పినదంతా విన్నాడని తరవాత తెలిసింది. ఎప్పుడో కథానిక పాఠం చెబుతూ, "మన వీధిలో పెరుగమ్మే ముసలమ్మని రోజూ చూస్తాం, ఆవిడ కథ మాత్రం ఎవరూ రాయరేం?" అన్నానట. నాకు గుర్తు లేదు. లెక్చరర్లు గంటలో ఎన్నో మాటలంటారు. వాటిలో ఏది ఎవరి నెత్తిమీదికి వస్తుందో ఎవరికి తెలుసు? ఇతను హైదరాబాదు వెళ్ళి, ఆరేళ్ళు ఎడిటింగు గదుల్లో పనిచేసి, తిరిగి వచ్చి ఆ ముసలమ్మ కథే సినిమాగా తీశాడు. పేరున్న తారలు లేరు. పాటలు లేవు. ముసలమ్మగా వేసినావిడ పాతికేళ్ళు పౌరాణిక నాటకాలలో ద్రౌపది వేషం కట్టి, మానుకుని ఇంట్లో కూర్చున్న నటి. ఇరవైయారు రోజుల్లో షూటింగు పూర్తయింది.

ఖర్చు 18 లక్షలు. సినిమావాళ్ళకి ఇది కాఫీ టిఫినీల ఖర్చు. మనబోటి ఇళ్ళలో ఇది ఎంతో చెప్పనక్కరలేదు. తండ్రి ఆర్.టి.సి.లో కండక్టరుగా చేసి రిటైరయినప్పుడు చేతికందినదానిలో 7 లక్షలు. చెల్లెలి పెళ్ళికని దాచినవి 6 లక్షలు. ఆ పిల్లే "ముందు అన్నయ్య సినిమా కానీండి నాన్నా" అన్నదట. మిగతా 5 లక్షలూ స్నేహితులు తలా కొంచెం వేసుకున్నవి. ఆ స్నేహితుల జాబితాలో 50 వేలకి ఎదురుగా నా పేరు కూడా ఉంది. బీరువాలో సినిమా ఉన్న సంగతి మా ఆవిడకి తెలుసు. బీరువాలో ఉండవలసిన 50 వేలు సినిమాలో ఉన్న సంగతి తెలియదు.

సినిమా తయారవగానే దానంతటది హాలుకి వస్తుందని చదువరులలో చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తీసినవాడికీ చూసేవాడికీ మధ్య ఇద్దరున్నారు. హాళ్ళకి సినిమా సరఫరా చేసే డిస్ట్రిబ్యూటరు ఒకడు, హాలు నడిపే ఎగ్జిబిటరు ఒకడు. ఈ డిస్ట్రిబ్యూటర్లు తమ సౌకర్యం కొద్దీ తెలుగునాటిని పంచుకున్న పటం ఒకటుంది: నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి కనక ఆ పేర్లు వినగానే వచ్చిన పని మరిచిపోయి చరిత్రలో పడ్డాను. 1800లో నిజాము ఇంగ్లీషువారికి వదులుకున్న జిల్లాలు కనక అవి సీడెడ్ జిల్లాలయినాయి, తెలుగులో దత్తమండలాలు. ఆ పేరు వినడానికే కష్టంగా ఉన్నదని 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అన్నారు. ఆ పేరే ఊరూవాడా నిలిచింది. నిజాము పాలన 1948లో పోయింది, హైదరాబాదు రాష్ట్రం 1956లో పోయింది. సినిమా వర్తకుల ఖాతా పుస్తకాలలో మాత్రం ఇప్పటికీ సీడెడే, నైజామే. పేరు మార్చి రాస్తే సిరా ఖర్చు కాబోలు!

పద్ధతులు నాలుగున్నాయని అబ్బాయి బస్సులో నాకు పాఠం చెప్పాడు. రొక్కమిచ్చి హక్కు కొనేయడం ఒకటి. ఇంతకి తక్కువ రాదని హామీ ఇచ్చి, పైన వచ్చినది పంచుకోవడం రెండోది. అడ్వాన్సు ఇచ్చి, వసూలు కాకపోతే తిరిగి పుచ్చుకోవడం మూడోది. ఖర్చంతా నిర్మాతది, నాది కమిషను మాత్రమే అనడం నాలుగోది. పెద్ద హీరో ఉంటే మొదటిది. ఎవరూ లేకపోతే నాలుగోది, అదీ దొరికితే.

విజయవాడ గాంధీనగరంలో రెండు రోజులు తిరిగి ఆరుగురిని కలిశాం. అందరూ మర్యాదగానే కుర్చీ వేశారు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"హీరో ఎవరు బాబూ?"

"ముసలమ్మండి."

"అది సరే. హీరో?"

ఒక పెద్దాయన మాత్రం కళ్ళజోడు పెట్టుకుని ఫోనులోనే ఇరవై నిమిషాలు చూశాడు. చూసి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "బాగా తీశావయ్యా. మా అమ్మ గుర్తొచ్చింది. కాని మా అమ్మ సినిమాకి రాదు గదా!" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు మొహమాటపు మాటలాగే వినిపించింది. అందులో ఉన్న అర్థం తెలియడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

"హాలెందుకండీ, ఇంటర్నెట్టులో ఓ.టి.టి.వాళ్ళకి ఇచ్చేస్తే సరి" అని మా కాలేజీలో కుర్ర లెక్చరర్లు సలహా చెప్పారు. ఆ ప్రయత్నమూ అయింది. అతను కలిసినవాళ్ళలో ఒకరు, "హాల్లో ఆడిందా?" అని అడిగారు. ఇంకొకరు జనం ఎన్ని నిమిషాలు చూస్తే అన్ని పైసలన్నారు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదన్నట్టు తయారైంది వ్యవహారం. చివరికి, "నేనే విడుదల చేసుకుంటాను మాస్టారూ" అన్నాడు. నిర్మాతా తానే, డిస్ట్రిబ్యూటరూ తానే, గోడలమీద పోస్టర్లంటించేవాడూ తానే.

ముందు సెన్సారు. 1952నాటి చట్టం ప్రకారం సర్టిఫికెట్టు లేనిదే ఏ హాల్లోనూ బొమ్మ పడదు. మా సినిమాలో బూతు లేదు, రక్తం లేదు. అంచేత పెద్ద పని కాదనుకున్నాను. గేదె ఉన్నదన్న సంగతి మరిచిపోయాను. తెరమీద జంతువు నటించాలంటే 2001నాటి నియమాల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే ఉండాలి. బోర్డు కార్యాలయం హర్యానాలో ఉంది. మనవాడు ముందు పెట్టవలసిన అర్జీ షూటింగు అయ్యాక పెట్టాడు. తప్పు మనవాడిదే. ఎందుకిలా జరిగిందో వివరణ, గేదె కులాసాగా ఉన్నదని పశువుల డాక్టరు రాసిచ్చిన కాగితం, గేదెగలాయన ఒప్పుకోలు, గేదె ఫోటోలు. "మా చెల్లికి వచ్చిన సంబంధంవాళ్ళు కూడా ఇన్ని కాగితాలు అడగలేదు మాస్టారూ" అన్నాడు పాపం. సినిమా మా బీరువాలో కాపరముండినది ఆ రోజుల్లోనే.

ఇక హాళ్ళు. మా ఊళ్ళో ఒకటి, చుట్టుపక్కల ఊళ్ళలో రెండు, మొత్తం మూడు కుదిరాయి. మా ఊరి హాలు ఆసామీ నాకు తెలిసినాయనే. ఆయన కొడుక్కి నేను పాఠం చెప్పాను. ఆ చనువుతో, వచ్చినదానిలో వాటా పద్ధతిమీద ఇమ్మని అడిగాను.

"లెక్చరరుగారూ, మీరు అడిగితే కాదనలేను. కాని ఒక్కడొచ్చినా మిషను తిప్పాలి, ఏ.సి. వెయ్యాలి. కరెంటువాళ్ళు నాకు వాటా పద్ధతిమీద ఇస్తారా? అద్దె కట్టండి. పొద్దున పదకొండు గంటల ఆట ఇస్తాను, ఆటకి 6 వేలు. సాయంత్రం ఆట అడక్కండి, దాని అద్దె మీరు మొయ్యలేరు" అన్నాడు.

ఇంటికొచ్చి కాగితం కలం తీసుకున్నాం. టిక్కెట్టు వంద రూపాయలు. 2024లో వందలోపు టిక్కెట్టుమీద పన్ను 12 శాతం. అది పోగా 89 రూపాయల చిల్లర మిగులుతుంది. 6 వేలు రావాలంటే ఆటకి 68 మంది రావాలి. ఆరు వందల కుర్చీల హాల్లో 68 మంది! ఒక్క మా కాలేజీలోనే రెండువేల మంది పిల్లలున్నారు. చుట్టాల పెళ్ళికి అంతకన్న ఎక్కువమంది వస్తారు. నాకు ధైర్యం వచ్చింది. ఆ రాత్రి నిద్రలో కూడా 68 అనుకున్నానట.

ఆ 6 వేలూ హాలు గోడలకీ కుర్చీలకీ మాత్రమే. సినిమా వేసే డిజిటలు మిషను చాలా హాళ్ళలో హాలువారిది కాదు. ఆ కంపెనీలు పెట్టినది. దానిమీద మన బొమ్మ పడాలంటే ఆ రుసుము వేరే. ఈ రుసుముల భారంమీదే 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలందరూ ఒక్క కట్టుగా కొత్త సినిమాల విడుదల ఆపేశారు. పెద్దవాళ్ళే అంత గోల పెట్టారంటే చిన్నవాడి సంగతి వేరే చెప్పాలా? పైగా, హార్డు డిస్కు హాలుకి చేర్చినంతమాత్రాన పని కాదు. దొంగ కాపీల భయంచేత సినిమాకి తాళం వేస్తారు. ఆ తాళంచెవి కూడా కంప్యూటరులోనే వస్తుంది. ఫలానా హాలు, ఫలానా మిషను, ఫలానా తేదీనుంచి ఫలానా తేదీవరకూ అని రాసి ఉంటుంది. ఇంకో మిషనుకి పెడితే తెరుచుకోదు. గడువు దాటితే అసలే తెరుచుకోదు.

ఆగస్టులో ఒక శుక్రవారం విడుదల. అంతకు ముందు రెండు రాత్రులు మనవాడూ ఇద్దరు స్నేహితులూ మైదాపిండి ఉడికించుకుని గోడ గోడకీ పోస్టర్లు అంటించారు. తెల్లవారేసరికి సగంవాటిమీద ఇంకో సినిమా పోస్టర్లు పడ్డాయి. ఇందులో ఎవరికీ ఎవరిమీదా కక్ష లేదు. గోడ ఒకటి, బంక తడి ఆరనిది, అంతే. ఆటో కట్టి మైకులో చెప్పించారు. నేను క్లాసులో రెండు ముక్కలు చెప్పాను. ఆ చెప్పడంలో కొంత గురువు అధికారం కూడా ఉండినదని ఒప్పుకోవాలి.

పదకొండుకి 41 మంది వచ్చారు. పదకొండుంబావుకి కూడా తెర తెల్లగానే ఉంది. ఏమయిందంటే, మా హాలుకి రావలసిన తాళంచెవి పక్కూరి హాలుకి పోయింది, పక్కూరిది మాకు వచ్చింది. ఫోన్లమీద ఫోన్లు. సరయినది వచ్చేసరికి నలభై నిమిషాలయింది. నేనూ అబ్బాయీ లోపల కూర్చోలేక హాలు మెట్లమీద చతికిలబడ్డాం. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుస్తాడేమోననిపించి, "నీలాగ సొంత సినిమా నెత్తిన పెట్టుకు తిరిగినవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారటయ్యా?" అన్నాను. అప్పుడు చెప్పాడు ఆస్కార్ మిషో సంగతి. తరవాత నేను పుస్తకాలు తెప్పించి చదివాను. అబ్బాయి గోరంతలు కొండంతలు చేసి చెప్పలేదు.

మిషో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1884లో పుట్టిన నల్లజాతి మనిషి. తండ్రి బానిసగా పుట్టినవాడు. మిషో రైళ్ళలో పోర్టరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి, దక్షిణ డకోటాలో భూమి తీసుకుని సేద్యం చేశాడు. పంటలు దెబ్బతిని, కాపరం దెబ్బతిని, ఆ కష్టాలే నవలలుగా రాసుకున్నాడు. అచ్చువేసి, ఇంటింటికీ తిరిగి తానే అమ్ముకున్నాడు. ఒక నల్లవారి సినిమా కంపెనీ అతని నవలను తెరకెక్కిస్తామన్నది. తీసేటప్పుడు తనూ ఉంటానన్నాడు మిషో. వాళ్ళు కుదరదన్నారు. సరే, నేనే తీసుకుంటానన్నాడు. తన పుస్తకాలు కొన్నవాళ్ళకే, ముఖ్యంగా ఆ ప్రాంతపు తెల్ల రైతులకి, కంపెనీ వాటాలు అమ్మి పెట్టుబడి తెచ్చాడు. ఆ సినిమా 1919లో షికాగోలో విడుదలయింది.

ఆ దేశంలో ఆ రోజుల్లో నల్లవారికి ప్రత్యేకం హాళ్ళుండేవి, అవి కొద్ది. మిషోకి డిస్ట్రిబ్యూటరు లేడు. సినిమా డబ్బాలు కారులో వేసుకుని ఊరూరా పోయి హాలువాళ్ళతో తనే బేరం చేసేవాడు. రాబోయే సినిమా ఫోటోలు వాళ్ళ ముందు పరిచి, "ఇది కూడా మీకే ఇస్తాను, ఇప్పుడే అడ్వాన్సు పడేయండి" అని, ఆ డబ్బుతో ఆ సినిమా తీసేవాడు. దక్షిణాది రాష్ట్రాలలో తెల్లవారి హాళ్ళు చాలా చోట్ల అర్ధరాత్రి ఆటకి మాత్రం నల్లవారిని రానిచ్చేవి. సరే, అర్ధరాత్రే కానివ్వమని ఆ ఆటలు పట్టుకునేవాడు. సెన్సారు బాధ అతనికీ తప్పలేదు. నల్లవారిని మూకలు కొట్టి చంపడాన్ని చూపించిన సినిమా ఒకటి 1920లో షికాగోకి తెచ్చాడు. అంతకు ముందు వేసవిలోనే ఆ నగరంలో జాతుల కొట్లాటలు జరిగి 38 మంది చనిపోయి ఉన్నారు. సెన్సారువారు మొదట కాదన్నారు. ఎలాగో ఒప్పించి ఆడించాడు. 1928లో దివాలా తీశాడు. మళ్ళీ లేచాడు. 1948 దాకా నలభై చిల్లర సినిమాలు తీసి, 1951లో చనిపోయాడు.

ఇందులో నన్ను బాధపెట్టిన సంగతి వేరే ఉంది. మిషో దగ్గర డబ్బు లేక ఒక్కొక్క సినిమాకి నాలుగైదు ప్రింట్లకి మించి తీయించలేకపోయేవాడు. అవే ఊరూరా తిరిగి తిరిగి అరిగిపోయాయి. అతని మొదటి సినిమా ఇప్పుడు ఎక్కడా లేదు. 1920నాటి ఆ సినిమా కూడా లేదనే అనుకున్నారు. 1970లలో స్పెయిను దేశంలో వేరే పేరుతో ఒక కాపీ బయటపడింది. దాన్ని బాగుచేయడం పూర్తయ్యేసరికి 1993 వచ్చింది. ఇది చదివిన రాత్రి లేచి వెళ్ళి బీరువా తాళం మళ్ళీ ఒకసారి లాగి చూసుకున్నాను.

రెండోనాడు 19 మంది. ఆదివారంనాడు ఒక పెద్ద సినిమాకి అదనపు ఆట కావలసివచ్చి మా ఆట తీసేశారు. సోమవారం 11 మంది. ఆ పదకొండుగురిలో మా ఆవిడ ఒకతె.

ఆవిడ ఎలా వచ్చిందంటే, ఆదివారం మధ్యాహ్నం బ్యాంకు పాసుబుక్కు ఆవిడ కంటపడింది. పొద్దు గుంకేదాకా ఏమీ అనలేదు. ముప్ఫై ఏళ్ళకి దగ్గరపడుతున్న కాపరంలో ఈ ఏమీ అనకపోవడం ఎలాంటిదో నాకు తెలుసు. రాత్రి భోజనాల దగ్గర, "నా డబ్బు పెట్టిన సినిమా నేను చూడొద్దటండీ?" అన్నది. అంతే.

చూసి వచ్చింది. సాయంత్రం అబ్బాయి ఇంటికొస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. "సినిమా బాగుందయ్యా. రెండుచోట్ల ఏడ్చాను. ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకు. పెరుగమ్ముకునేవాళ్ళెవరన్నా చూశారా దీన్ని?" అన్నది.

అబ్బాయి తెల్లమొహం వేశాడు.

"ఎలా చూస్తారు? పదకొండు గంటలకి వాళ్ళ తట్టలు ఇంకా వీధుల్లోనే ఉంటాయి. మనింటికి వచ్చే సుబ్బమ్మ ఇల్లు చేరేసరికి ఒంటిగంట. ఆవిడ కథ తీసి, ఆవిడ ఊళ్ళమ్మట తిరిగే వేళకి ఆట పెడితే ఎవరొస్తారు?"

గాంధీనగరం పెద్దాయన అన్న మాట నాకు అప్పుడు అర్థమయింది. వాళ్ళమ్మ సినిమాకి రాదు నిజమే. మేము ఆవిడ వచ్చే వేళకి సినిమా పెట్టామా? మా చేతిలో ఉన్న డబ్బుకి దొరికిన వేళ ఒకటి, చూడవలసినవాళ్ళకి తీరిక ఉన్న వేళ ఒకటి. ఆ రెండూ కలవలేదు. మిషో అర్ధరాత్రి ఆటలు ఎందుకు వదలలేదో కూడా తెలిసింది. తనవాళ్ళు రాగలిగినది ఆ వేళకే.

గురువారంతో ఆట దిగిపోయింది. శుక్రవారంనుంచి గురువారందాకా ఆరు ఆటలకి మా ఊరి హాల్లో వచ్చినవాళ్ళు సరిగ్గా వందమంది. నాకు కావలసినవాళ్ళు 408. వచ్చినది 9 వేలకి తక్కువ, కట్టవలసినది 36 వేలు. హాలు ఆసామీ రెండు ఆటల అద్దె వదులుకున్నాడు. "నేనూ ఎన్నాళ్ళు నడుపుతానో తెలియదు లెక్చరరుగారూ. కల్యాణమండపం చెయ్యమని ఇంట్లో పోరుతున్నారు" అన్నాడు. మూడు ఊళ్ళ లెక్క, పోస్టర్లూ మైకూ డిజిటలు రుసుమూ కలుపుకుంటే, లక్షా పదివేల నష్టం. 18 లక్షలకి ఇది పై ఖర్చు.

అక్కడితో మానుకుంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, మానుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను. అతను మా ఆవిడ మాట పట్టుకుని కూర్చున్నాడు.

నిజానికి ఇది మనవాళ్ళు ఎరగని పని కాదు. బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో ఫోటో స్టూడియో తాకట్టు పెట్టి, 1910 ప్రాంతాల బొమ్మతోపాటు శబ్దం వినిపించే క్రోనోమెగాఫోను యంత్రం తెప్పించి, దాన్ని వెంటబెట్టుకుని బర్మా, సింహళంవరకూ తిరిగి ఆటలాడించారు. అలా తిరిగి గడించిన అనుభవంతో మద్రాసులో గెయిటీ హాలు కట్టారు. తరవాత గాని తండ్రీ కొడుకులు కలిసి సినిమా తీయలేదు. జనాన్ని ముందు చూసుకుని, సినిమా తరవాత తీశారన్నమాట. మనవాడిది తలకిందుల వ్యవహారం. మొన్నమొన్నటి సంగతి, కేరళలో జాన్ అబ్రహాం అనే దర్శకుడు తన స్నేహితులతో 'ఒడెస్సా' అని ఒక బృందం కట్టి, ఊరూరా సినిమాలు వేసి చూపిస్తూ జనం దగ్గర చందాలు పోగుచేసి, ఆ డబ్బుతో 1986లో 'అమ్మ అరియాన్' తీశాడు. తీసినదాన్ని మళ్ళీ ఆ జనం మధ్యకే తీసుకువెళ్ళారు. మరుసటి ఏడే ఆయన చనిపోయాడు. ఇవన్నీ అబ్బాయి నాకు చెప్పినవే. గురుశిష్యులు ఎప్పుడు తారుమారయ్యారో నేను గమనించలేదు.

2024 కార్తీకంలో రెండో ప్రయాణం మొదలయింది. అద్దెకి ఒక ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు, పన్నెండడుగుల తెల్లగుడ్డ, ట్రాలీ ఆటో. మొదటి ఆట షూటింగు చేసిన ఊరికి ఆమడ దూరంలో, పాలకేంద్రం వాకిట్లో. సాయంత్రం పాలు పోయడానికి ఎలాగూ అందరూ అక్కడికి వస్తారు. పాలు పోసి, ఇంటికెళ్ళి వంట చేసుకుని, ఏడున్నరకి తిరిగి వచ్చారు. టిక్కెట్టు పెట్టలేదు. టిక్కెట్టు కొట్టి సినిమా ఆడించే చోటుకి లైసెన్సు ఉండాలి. అంచేత హరికథల్లోలాగ మధ్యలో పళ్ళెం పట్టాం. పళ్ళెం పట్టినది అబ్బాయి తండ్రి. ఆయన సినిమా ఊసెత్తితే అంతవరకూ మాట్లాడేవాడు కాడు. ఆ రోజు తనంతట తానే లేచి పళ్ళెం అందుకున్నాడు. కండక్టరుగా చేసిన చెయ్యి కదా, చీకట్లో కూడా చిల్లర లెక్క ఒక్క రూపాయి తేడా రాలేదు. 3,870 రూపాయలు. నూట యాభైమందికి తక్కువ లేరు.

ఆట అయ్యాక చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు. ఒక ముసలమ్మ మాత్రం కొంగు బిగించుకుని తిన్నగా తెర దగ్గరికి వచ్చింది.

"ఎవరయ్యా తీసింది? నువ్వేనా? ఎప్పుడన్నా గేదెని పితికావా?"

"లేదమ్మా."

"అదే అనుకున్నా. దూడని వదలకుండా కూర్చుని పితికేస్తుందేమిటి మీ ముసల్ది? దూడ మూతి పెట్టందే గేదె చేపుతుందా?"

నలుగురూ పకపక నవ్వారు. అబ్బాయి తెల్లబోయి నిలబడ్డాడు. సెన్సారు పెద్దలు చూశారు, పశువుల డాక్టరు చూశాడు, గాంధీనగరంలో చూశారు, నేను నాలుగుసార్లు చూశాను. ఈ తప్పు ఒక్కరికీ కనపడలేదు. 'చేపు' అన్న మాట కూడా నేను నిఘంటువులో తప్ప విని చాలా ఏళ్ళయింది.

ఆ ముక్క తీసేద్దామా అనుకున్నాడు. సర్టిఫికెట్టు వచ్చిన సినిమాలో ఒక్క ముక్క మార్చినా మళ్ళీ సెన్సారువారికి రాసుకోవాలి. మళ్ళీ గేదె కాగితాలు బయటికి తీయడానికి ఓపిక లేక ఉండనిచ్చాడు.

2025 ఆఖరికి 63 ఊళ్ళు అయినాయి. పళ్ళెంలో పడినదీ, ఊరి పెద్దలు ఇచ్చినదీ కలిసి 2 లక్షల 40 వేలు. ఆటో బాడుగలూ ప్రొజెక్టరు అద్దె భోజనాలూ పోగా మిగిలినది, హాళ్ళలో పోయిన లక్షా పదివేలకి సరిపోయింది. 18 లక్షలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చెల్లెలి పెళ్ళి మాఘంనుంచి వైశాఖానికి, వైశాఖంనుంచి మళ్ళీ మాఘానికి వాయిదా పడింది. ఆ పిల్ల ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరింది. అన్నగారిని ఒక్క మాట అనదు. అనకపోవడంచేత అతను ఇంటికి వెళ్ళడం తగ్గించాడు. నా 50 వేల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. తెల్లగుడ్డ మాసినప్పుడల్లా ఉతికి ఇస్త్రీ చేయించి పంపేది మాత్రం మా ఆవిడే.

ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఆట మొదలయ్యే ముందు అబ్బాయి మైకు పట్టుకుని, "అమ్మలారా, గేదెని పితికే చోట ఒక తప్పుంది. నాకు తెలియక చేశాను, మన్నించండి" అని చెబుతున్నాడు. ఆ చోటు ఎప్పుడొస్తుందా అని ఆడవాళ్ళు కాచుకుని ఉంటారు. రాగానే వాకిలంతా ఒక్క గొంతుతో, "దూడని వదలవే!" అని కేకలేస్తుంది.